వెనక సీటుకు వేడి

బుచ్చన్న దినాలు ఇంకా కాకముందే, ఆయన ప్రాణం తీసిందని గోదావరిఖని అంతా చెప్పుకుంటున్న అంబాసిడర్ కారు హీటర్ పైపులోంచి బొటనవేలంత చెక్క బిరడా ఒకటి ఊడి తీతు అరచేతిలో పడింది.

మెకానిక్‌గా చేసి రిటైరైన తీతు దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. పొరపాటున పైపులో పడిన పుల్ల కాదది. వేపకొమ్మను కత్తితో పలకలు పలకలుగా చెక్కి, ఒక చివర సన్నం చేసి, నడుముకు గోనెపట్టీ చుట్టి, పైపులోకి దిగ్గొట్టారు. నీళ్లకు ఉబ్బి రబ్బరును కరుచుకుని కూర్చుంది. దాన్ని పీకేసరికి తీతు చేతి కణుపులు రెండుచోట్ల గీరుకుపోయాయి.

"హీటర్ చెడిపోలే. దీని గొంతు పిసికిండ్రు," అన్నాడు.

"ఎవల గొంతు?" వాకిట్లో బియ్యం చెరుగుతున్న భార్య ఎలిజబెత్ తలెత్తింది.

"కారు గొంతు."

"పొద్దుగాల సంది దానితోనే మాట్లాడవడితివి. రిటైరైనంక ఇంట్ల మనిషితోని మాట్లాడుతవనుకున్న."

తీతు బిరడాను బానెట్ అంచు మీద పెట్టి దానికేసే చూస్తూ నిలబడ్డాడు. ఉదయం ఇంజను స్టార్టు చేసి హీటరుకు పోయే రెండు పైపుల్నీ పట్టుకు చూశాడు. ఒకటి చెయ్యి కాలేంత వేడి. రెండోది చద్దికూడంత చల్లన. నడుమ ఏదో అడ్డం పడిందని అప్పుడే అనుకున్నాడు. తుప్పు పేరుకుందనుకున్నాడు గాని, మనిషి చెయ్యి అనుకోలేదు.

గేటు చప్పుడైంది. కారు డ్రైవర్ కిషన్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. నైట్ డ్యూటీ దిగిన మనిషిలా కళ్లు ఎర్రగా ఉన్నాయి. డ్యూటీ మాత్రం లేదు; మొన్న అందరూ కూర్చున్నప్పుడు రిటైర్డ్ కార్మికుల సంఘం వారు కారును చూడమని తీతుకు అప్పగించి, ఆదివారం మీటింగ్ దాకా కిషన్‌ను ముట్టవద్దన్నారు.

"ఏమన్న దొరికిందా కాక?"

తీతు బిరడా చూపించాడు. కిషన్ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ముందు ముఖం విప్పారింది. "నేను చెప్తనే ఉన్న గద. హీటర్ బుడిపె మొత్తం తిప్పిన. గోరువెచ్చగ తప్ప గాలి రాలే." అంతలోనే ఆ ముఖం ముడుచుకుపోయింది. బిరడాను వేడి బొగ్గులా బానెట్ మీద వదిలేశాడు. "గిది సంఘంల చూపియ్యకు కాక."

"ఎందుకు?"

"కారు నా చేతుల ఉంటది. బానెట్ తాళం నా కాడుంటది. గిది చూస్తే నేను గాక ఇంకెవలు పెట్టిండ్రంటరు?"

అది నిజమే. తీతుకు తట్టని నిజం.

సంఘానికి ఉన్నది ఆ ఒక్క కారే. ఒకప్పుడు కంపెనీలో పెద్ద దొర తిరిగిన కారు. ఆయన చలిప్రాంతం నుంచి వచ్చినవాడు కాబట్టి హీటర్ బిగించుకున్నాడు. వేలంలో సంఘం కొన్నప్పటి నుంచి, బొగ్గుపొడి మింగి ఊపిరితిత్తులు గట్టిపడిన ముసలివాళ్లను వారానికోసారి చీకటితోనే కరీంనగర్ దవాఖానకు తీసుకుపోతుంది. పోయిన ట్రిప్పులో పొగమంచు కమ్మింది. పెద్దపల్లి దాటేసరికి వెనక సీట్లో బుచ్చన్న పెదవులు నల్లబడ్డాయి. దవాఖానలో చేర్చుకున్నారు. తిరిగి రాలేదు. ఛాతీకి చలి పట్టిందన్నాడు డాక్టర్. ఆ ఒక్క మాట చాలింది. డీజిల్ మిగుల్చుకోవడానికి కిషన్ హీటర్ బంద్ పెట్టాడని చాయ హోటళ్ల దగ్గర మొదలై, క్వార్టర్ల దాకా పాకింది.

"నల్లా కాడ జమునను చూసి బిందెలు జరుపుతున్నరు కాక," కిషన్ నేలకేసి చూస్తూ అన్నాడు. "బుచ్చన్నను చంపినోని పెండ్లామట. నౌకరి పోతే పోనీ. టిప్పర్ నడుపుకుంట. గీ పేరు ఎట్ల పోతది?"

తీతు ఇంజను తలకాయ మీదున్న మూత చూపించాడు. "ఇంకోటి అడుగుత, నిజం చెప్పు. ఇంజను కూడ సరిగ వేడెక్కుతలేదు. వేడి చూపే ముల్లు లేస్తలేదు. లోపల వాల్వు ఏది?"

కిషన్ తల గోక్కున్నాడు. "ఎండకాలంల తీసి పారేసిన. గీ ఊర్ల ఏ బండికున్నది కాక వాల్వు? నువ్వే ఎన్నిటికి తియ్యలే?"

ఓపెన్‌కాస్టు బొగ్గుగని గుట్టలు పొయ్యిరాళ్లలా కాలే ఊళ్లో, ఇంజను పొంగకుండా ఉండడానికి ఆ థర్మోస్టాట్ వాల్వు పీకి పడేయడం ప్రతి మెకానిక్ మొదట నేర్చుకునే పని. చలికాలం వస్తుందని, ఇంజనుకూ వేడి కావాలని ఇక్కడ ఎవరికీ గుర్తుండదు.

"దాస్త అనుకోకు కిషన్," అన్నాడు చివరికి. "దాస్తే అదే నీ మెడకు పడ్తది. ఎవలు పెట్టిండ్రో తెలిసేదాక నన్ను చూడనీ."

*

సంఘం ఆఫీసులో కార్యదర్శి జగదీశ్వర్ పేపరు చదువుతున్నాడు. గని ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైనవాడు. మాట్లాడే ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. పక్కన బెంచీ మీద ఎల్లేశం, ఎడమ కాలు జాపుకుని కూర్చున్నాడు. గనిలో పంపు మీద జీవితమంతా పనిచేసినవాడు. షుగరుతో ఆ కాలికి స్పర్శ తప్పింది. మంచాన పడినవాళ్ల కోసం, పింఛను రానివాళ్ల కోసం సంఘంలో గట్టిగా కొట్లాడే గొంతు ఆయనదే. కిషన్‌ను తీసేయాలని మొదట లేచిన గొంతు కూడా.

తీతు బిరడాను బల్ల మీద పెట్టాడు.

జగదీశ్వర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇదేంది?"

"హీటర్ పైపుల దొరికింది సార్. నీళ్లు పోకుండ కొట్టిండ్రు."

"చూసినవా ఎల్లేశం? మనం అన్నదే అయింది."

"ఏమైంది సార్? కిషన్ పెట్టిండని ఏడ రాసున్నది?"

"ఇంకెవడు పెడతడయ్యా? డీజిల్ మిగులుతది కదా."

"హీటర్ డీజిల్ తాగదు సార్."

"ఏసీ తాగదా?"

"ఏసీ ముచ్చట వేరు. ఇంజన్ల ఎట్లనో మరిగే నీళ్లే గీ పైపులకెళ్లి తిరుగుతయి. పారబోసే వేడి అది. వాడినా వాడకున్నా డీజిల్ ఒక్కతీర్గనే కాలుతది."

జగదీశ్వర్ తుడిచిన అద్దాలను వెలుతురుకు పట్టి చూశాడు. "మనకు తెలుసు. వానికి తెల్వదు కదా. తాగుతదనుకునే పెట్టిండు." అద్దాలు పెట్టుకున్నాడు. "ఇంకేమన్న ఉన్నదా?"

వాల్వు సంగతి కూడా తీతు దాచలేదు. అది చెప్పగానే జగదీశ్వర్ పేపరు మడిచేశాడు. "వాల్వు తీసిన అని వాడే ఒప్పుకున్నంక బిరడా కూడ వానిదే. నువ్వు వాన్ని కాపాడవోయి ముంచుతున్నవ్ తీతూ."

తీతు సాయం కోసం ఎల్లేశం వైపు చూశాడు. "నువ్వేమంటవ్ అన్న? వారం వారం అదే కారుల పోతివి. ఎవలన్న బానెట్ లేపంగ చూసినవా?"

బెంచీకి బల్ల చేరువే. చెయ్యి చాస్తే బిరడా అందుతుంది. దేన్నైనా చేత్తో పట్టి చూడందే మాట్లాడని మనిషి ఎల్లేశం. ఈసారి చేతులు రెండూ ఒళ్లోనే పెట్టుకున్నాడు. "నేనేం చూసిన తమ్మి. కూసుంట, దిగుత. చేసినోడు చేసిండు. ఆదివారం తేల్చుడే."

జగదీశ్వర్ ఎందుకో ఎల్లేశం జాపిన కాలి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, పేపరు మళ్లీ విప్పాడు. దూరంగా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలలాడాయి. బల్ల మీది బిరడా కొంచెం దొర్లి ఆగింది. తీతు దాన్ని జేబులో వేసుకున్నాడు.

*

బుచ్చన్న భార్య సారవ్వ క్వార్టర్ ముందు టెంటు ఇంకా విప్పలేదు. ఆమె గడపలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. చుట్టాలు వచ్చి పోతున్నారు, వంట ఆగదు, ఏడవడానికి కూడా తీరిక లేదు.

తీతు ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక బిరడానే తీసి ఇచ్చాడు.

సారవ్వ దాన్ని చూసి చూడగానే గోనెపట్టీ కొస మీద వేలు పెట్టింది. "గిది పంపోళ్ల చెయ్యి గద."

"ఏందక్కా?"

"పంపోళ్లు గిట్లనే చుడతరు. గనిల డెలివరీ పైపు కారుతే, వేపకొమ్మ చెక్కి, గోనెపట్టీ చుట్టి కొడతరు. నీళ్లకు ఉబ్బి ఇంక కారది. మా ముసలోడు పంపు మీద ఉన్నప్పుడు ఇంటికాడ కూసుండి జేబు నిండ చెక్కుకుంటుండె. పిల్లలు బొంగరాలని ఎత్తుకపోతుండ్రి." బిరడాను తిప్పి చూసింది. "ఏడ దొరికింది?"

తీతు చెప్పాడు.

సారవ్వ చెయ్యి చింతపండు మీదే ఉండిపోయింది. తీతుకు ఒక చెడ్డ ఊహ వచ్చింది. అడగకుండా ఉండలేకపోయాడు. "ఏమనుకోకక్కా. బుచ్చన్నకు గాలి వేడైతే ఊపిరాడకపోతుండెనా? ఆయనే గిట్ల..."

"ఆయననా?" సారవ్వ నవ్వింది, చేదు మందు మింగినట్టు. "అంగి గుండీలు నేను పెట్టాలె తమ్మి. చాయ గ్లాసు రెండు చేతుల పట్టుకున్నా ఒలికిపోతుండె. ఆయన కత్తి పట్టి చెక్కుతడా? పైనుంచి హీటర్ పెట్టుమని బతిమాలుతుండె. అంతకుముందటి ట్రిప్పు నుంచి వచ్చి గూడ అన్నడు, కారు దొరది గని చలి మాత్రం మనదేనే అని."

ఆమె లేచి లోపలికి పోయి, మడత పెట్టిన గోధుమరంగు శాలువా తెచ్చి తీతు ఒళ్లో పెట్టింది. "ఎల్లేశం బావది. ఆ పొద్దు కారుల తనది తీసి ఈయనకు కప్పిండట. గసొంటి మనిషి దొరకడు. పోతపోత ఇచ్చిపో. నేను గడప దాటద్దు గద."

తీతు బిరడాను జేబులో వేసుకుని శాలువా తీసుకున్నాడు. ఇవ్వడానికి మాత్రం ఆ రోజు పోలేదు. కారు ఇంకా చెప్పాల్సిందేదో మిగిలి ఉందనిపించింది.

*

బిరడా తీసిన పైపును మళ్లీ బిగించి, నీళ్లు నింపి, తీతు ఇంజను స్టార్టు చేశాడు. ముందు సీట్లో ఎడమవైపు కూర్చుని, హీటర్ బుడిపె తిప్పి, అద్దాలు మూసుకున్నాడు. రేడియేటరుకు అడ్డంగా ఒక అట్టముక్క పెట్టి ఉంచాడు కాబట్టి ఈసారి ముల్లు మెల్లగా లేచింది. గాలిలో వేడి తెలిసింది. తీతు సంతోషపడబోయాడు. అప్పుడే ఎడమ పాదం మీద ఏదో చురుక్కుమంది.

కాలు లాక్కుని కిందికి వంగాడు. డాష్‌బోర్డు కింద హీటర్ డబ్బా అంచున నీటిబొట్టు ఒకటి ఊరి, సాగి, తెగి పడింది. దాని వెనక ఇంకొకటి. వాటి నుంచి ఆవిరి లేస్తోంది. రబ్బరు మ్యాటు కింద నేల రేకు ఆ ఒక్కచోటే తుప్పుపట్టి ఉంది. అంటే ఇది ఇవాళ మొదలైన కారుడు కాదు.

ఇంజను ఆపేసి, జేబులోంచి బిరడా తీసి చూశాడు. కారుతుంటే బిరడా. గనిలో అయినా, కారులో అయినా.

ఎలిజబెత్ చాయ తెచ్చి కిటికీలోంచి అందించింది. "ఏమైంది, కారు అలిగిందా?"

"లేదు. అంత చెప్పేసింది."

ఫోన్ తీసి కిషన్‌కు చేశాడు. వేరే రెండు ముచ్చట్లు మాట్లాడి, ఏమీ కానట్టు అడిగాడు. "దవాఖానకు పోయేటప్పుడు ముంగట నీ పక్కన ఎవలు కూసుంటరు?"

"ఎల్లేశం కాక. కాలు జాపుకోవాలె గద. ఎందుకు?"

"ఊకెనే. నువ్వు చాయకు పోతే బానెట్ మూస్తవా?"

"పొద్దంత ఆడనే ఉంటం గద. ఇంజను సల్లవడాలని లేపే ఉంచుత."

కారుడు సంగతి తీతు అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. హీటర్ డబ్బా విప్పి లోపలున్న చిన్న రేడియేటరును సంచిలో వేసుకుని బస్సెక్కి మంచిర్యాల పోయాడు. అక్కడి రేడియేటర్ల దుకాణంలో దాన్ని నీళ్లతొట్టిలో ముంచి గాలి కొట్టి చూస్తే, మూల అతుకు దగ్గర బుడగలు లేచాయి. టంకం పెట్టించాడు. పాతకార్ల సామాన్ల దుకాణంలో వెతికి వెతికి అంబాసిడర్ వాల్వు ఒకటి సంపాదించాడు. ఇంటికొచ్చి పైపుల్లోకి ఎదురుదిశలో నీళ్లు పెట్టి కడిగాడు. ముందు ఎర్రటి నీళ్లు, తర్వాత పసుపు, చివరికి తేట నీళ్లు వచ్చాయి. వేడినీటి కుళాయిని తెరిచే తీగ సాగి సగమే లాగుతోంటే పొట్టి చేసి బిగించాడు. క్లచ్ పెడల్ సందులోంచి చలిగాలి రాకుండా రబ్బరు ముక్క కోసి పెట్టాడు. వెనక సీటుకు గాలి పోయేందుకు, ముందు సీటు కింద అడ్డంగా కుక్కి ఉన్న గుడ్డలూ, పాత డబ్బాలూ తీసి పారేశాడు.

అంతా చేస్తూనే ఉన్నాడు గాని, చేతులకు ఎప్పుడూ ఉండే ఉత్సాహం లేదు. ఇది ఒక్క వారం ముందు జరగాల్సిన రిపేరు.

*

ఆదివారం తెల్లవారి పొగమంచు పవర్ హౌస్ పొగగొట్టాలను సగానికి మింగేసింది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు మఫ్లర్లు చుట్టుకుని షేర్ ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పోతున్నారు. తీతు కారు తీసుకుని ముందు కిషన్‌ను ఎక్కించుకున్నాడు. "వెనక కూసో. బుచ్చన్న కూసుండే జాగల. వేడి అందుతదో లేదో చెప్పాలె," అన్నాడు.

తర్వాత ఎల్లేశం ఇంటి ముందు ఆపాడు.

"మీటింగ్‌కు ఇంత జల్దినా?" ఎల్లేశం చేతికర్రతో వచ్చి, వెనక కిషన్‌ను చూసి ఆగాడు.

"హీటర్ బాగు చేసిన అన్న. చూసి సంఘంల చెప్పేటోడు ఒకడు కావాలె. నీ మాటైతే అందరు నమ్ముతరు. గోదావరి బ్రిడ్జి దాక పోయి వద్దాం, ఇంజను వేడెక్కాలె గద."

ఎల్లేశం ముందు సీట్లో కూర్చున్నాడు. తీతు మడతపెట్టిన శాలువా తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. "సారవ్వ అక్క ఇయ్యమన్నది." ఎల్లేశం దాన్ని కప్పుకోలేదు. ఒళ్లో అలాగే పట్టుకున్నాడు.

ఊరు దాటింది. ముల్లు సగం దాకా లేచింది. తీతు చెయ్యి చాపి హీటర్ బుడిపె మీద వేశాడు. ఇంకా తిప్పలేదు. ఎల్లేశం రెండు చేతులతో ఎడమ పిక్క పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి లేపి, కుడి తొడ మీద పెట్టుకున్నాడు. రోజూ చేసే పని చేసినట్టు, ఆలోచన లేకుండా చేశాడు.

తీతు బుడిపె తిప్పాడు. వేడిగాలి ఒక్కసారిగా కారంతా నిండింది. అద్దం మీది మసక అంచుల నుంచి కరిగిపోయింది.

"వస్తున్నది కాక," అన్నాడు కిషన్ వెనక నుంచి. ముందు సీటు కిందికి చెయ్యి చాపి చూశాడు. "వెనకకు గూడ మంచిగ వస్తున్నది."

బ్రిడ్జి వచ్చింది. కింద గోదావరి కనబడడం లేదు, తెల్లటి మంచు మాత్రమే. తీతు కారును ఓరకు ఆపాడు. ఇంజను ఆపలేదు.

"కాలు దించు అన్న."

ఎల్లేశం దించలేదు. డాష్‌బోర్డు కిందికి తొంగి చూశాడు. "కారుడు బందైందా?"

"ఏది కారుడు? కారుతదని నేను ఎవలకు చెప్పలే."

తీతు జేబులోంచి బిరడా తీసి ఇద్దరి నడుమ సీటు మీద పెట్టాడు. ఈసారి ఎల్లేశం దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఊడి వేలాడుతున్న గోనెపట్టీ కొసను వేలితో బిగించి చుట్టాడు. వెనక్కి తిరగలేదు. మాట మాత్రం వెనకవాడికి కూడా వినపడేలా చెప్పాడు.

"మొదాల బొట్టుబొట్టు కారేది. ఈ కాలుకు సోయి లేదు గద, కాలుతున్నదని నాకే ఎరుకలే. ఇంటికి పోయి చూస్తే బొబ్బలు. అది పుండైతే కాలు తీసేస్తరని డాక్టర్ అన్నడు. జగదీశ్వర్ సారుకు చెప్పిన. కారు షెడ్డుకు పోతే మీరందరు బస్సుల నిలవడి పోతరా, కాలుకు సంచి ఏసుకో అన్నడు. ఆయన మీద పెడ్తలేను. కిషన్‌కు చెప్తే అదే దినం షెడ్డుకు తీస్కపోయేటోడు, నాకెరుకే. రెండు వారాలు కారు ఉండదు. దవాఖానకు పోకుంటే నేనే ముందుగాల పోత అని భయపడ్డ. కిషన్ చాయకు పోయిండు, బానెట్ లేపి ఉన్నది. కత్తి మొనతోని క్లిప్పు ఇప్పి కొట్టిన. పంపు మీద బతికినోన్ని, కారేదానికి బిరడా కొట్టుడు తప్ప నాకేమొస్తది? చలి ఎక్కువైతే పీకుదామనుకున్న.

"ఆ తెల్లారి బుచ్చన్న వెనక పండ్లు కొరుకుతున్నడు. ఆ సప్పుడు నాకు ఇనవడుతనే ఉన్నది. కిషన్ బుడిపె తిప్పుతనే ఉన్నడు, వేడి గాలి వస్తలేదని తిట్టుకుంటున్నడు. ఆపు బిడ్డా, నేనే బంద్ పెట్టిన, పీకుత అని నోటి దాక వచ్చింది. పీకుతే నీళ్లు నా కాలు మీద పడ్తయి. శాలువా తీసి ఇచ్చిన. శాలువా ఇస్తే అయిపోయిందనుకున్న.

"ఇయ్యాల సంఘంల గిదే చెప్త. మొన్న అందరు కూసున్నప్పుడే చెప్పేటోన్ని. హీటర్ ఎవలు బంద్ చేసిండ్రని సారు అడిగినప్పుడు, లేద్దామని మోకాళ్ల మీద చేతులు గూడ పెట్టిన. గంతల అందరు కిషన్ దిక్కు చూసిండ్రు. నేను గూడ చూసిన."